పాడిగేదె చదివిన సంధిపత్రం

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడదామంటే ఈ కథకి ఒక్క రాజ్యం చాలదు, నాలుగు కావాలి. మూడు గెలిచినవి, ఒకటి ఓడినది. ఏడేళ్ళు కొట్టుకుని, ఊళ్ళు తగలబెట్టుకుని, ఇక ఓపిక లేక సంధి అన్నారు. ఓడిన ఏటిసీమ పొలిమేరలో డేరాలు వేశారు.

గెలిచిన రాజులు ముగ్గురూ ఒకచోట కూర్చోవడానికే పదహారు రోజులు పట్టింది. ఎవరి పీట ఎత్తుగా ఉండాలో తేలలేదు. ఆఖరికి పీటలు తీసేసి చాప పరిచారు. అప్పుడు చాప చివర కూర్చునేదెవరని మళ్ళీ రెండు రోజులు. మహానుభావులు!

నల్లకోన రాజుకి ఏటిసీమ పేరెత్తితేనే ఒళ్ళు మంట. "వాళ్ళు మళ్ళీ తలెత్తకూడదు. పదహారేళ్ళు నిండిన పిల్లలందర్నీ నా కోటకి తోలండి. ఇక అక్కడే పడుంటారు" అన్నాడు.

సాగరపట్నం రాజుకి పగా లేదు, ప్రేమా లేదు. "గాదెల్లో గింజ మిగలకూడదు. విత్తనాలతో సహా నాకు రావాలి" అన్నాడు.

ఇక కుంభగిరి రాజు ప్రచండ భూపతి. లోకమంతా తనని శాంతిచక్రవర్తి అనాలని ఆయన సరదా. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, తనే పుచ్చుకున్నాడు. ఏటిసీమ ముప్పై ఏళ్ళపాటు ఏటా వెయ్యి బండ్ల ధాన్యం కప్పం కట్టాలి. కట్టేటప్పుడు మేళతాళాలతో తనని పొగడాలి. అదీ నవ్వుతూ పొగడాలి.

ఏటిసీమ రాణి అన్నేమాంబ అన్నీ విని ఒక్కటే అడిగింది. "పిల్లల్ని వదిలేయండి. ఇంకేం కావాలన్నా తీసుకోండి."

అప్పటికే ఆ పిల్లల్ని ఊళ్ళలోంచి పట్టుకొచ్చి ఏటి ఒడ్డున కాపలాలో కూర్చోబెట్టారు. పత్రం మీద ముద్ర పడటమే తరువాయి.

ఆ పత్రం రాయాల్సినవాడు రాయసం మాచన. ప్రచండ భూపతి కొలువులో శాసనాలు, ఉత్తరాలు రాసేది అతనే. రాసిందంతా మరోసారి చదువుకుని తల గోక్కున్నాడు.

"ప్రభూ, పిల్లలు పోయి, విత్తనాలు పోయాక ఆ వెయ్యి బండ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"రాయమంటే రాయి. ఆలోచించడానికి నేనున్నాను కదా" అన్నాడు రాజు.

"అవునవును, మరిచేపోయాను. అయితే ఒక మనవి. ఏ శాసనమైనా ముద్ర వేసేముందు మూడు రోజులు చిన్న చోట నడిపి చూడటం మన పెద్దల ఆనవాయితీ. అదొక్కటీ కానిస్తాను."

"ఎక్కడో అక్కడ నడుపుకో. నన్ను మాత్రం విసిగించకు."

మాచన వంగి దణ్ణం పెట్టి తిన్నగా పశువుల పాకకి వెళ్ళాడు. రాజుగారి పాడిగేదె ఉండేది అక్కడే. ప్రచండ భూపతి గడ్డపెరుగు లేనిదే భోజనం ముగించడు. అందుకని యుద్ధానికి కూడా ఆ గేదెని వెంట తెచ్చుకున్నాడు. ఆ పెరుగు రుచి మరిగి మిగతా ఇద్దరు రాజులూ ఆయన పంక్తిలోనే తినేవాళ్ళు.

మూడో నాడు మధ్యాహ్నం ముగ్గురూ చారన్నం కానిచ్చి, పెరుగు కోసం విస్తట్లో అన్నం అట్టేపెట్టుకుని కూర్చున్నారు. పెరుగు రాలేదు. కనీసం మజ్జిగైనా రాలేదు.

"పెరుగేదిరా?" అన్నాడు ప్రచండ భూపతి.

పాలు పితికే సింగన్న చేతులు కట్టుకుని వచ్చాడు. "గేదె చేపట్లేదు ప్రభూ. పొదుగు దగ్గర కూర్చుంటే తంతంది."

"ఏమొచ్చింది దానికి?"

"దూడ లేదండి. నల్లకోన వారి డేరా ఎనకాల కట్టేశారు. మేతేమో సాగరపట్నం వారి గుర్రాలకి పోయింది."

"ఎవడు చెయ్యమన్నాడు?"

"నేనే ప్రభూ" అంటూ మాచన పత్రం పట్టుకుని వచ్చాడు. "తమ సంధిని పాకలో నడిపి చూశాను. పిల్ల ఒకరికి, తిండి ఒకరికి, పాలు తమకి. ఇందులో రాసింది అక్షరం పొల్లుపోకుండా చేశాం. పూటపూటా గేదె ముందు శాంతిచక్రవర్తి బిరుదులు కూడా చదివించాం. రెండో పూటకే భట్టుగారిని కుమ్మింది. అది నవ్వుతూ కుమ్మిందో లేదో నేను గమనించలేదు."

నల్లకోన రాజు మూతి ముడిచాడు. "దూడ పెరిగితే అదీ కుమ్ముతుంది."

"కుమ్మవచ్చు ప్రభూ. అందుకే మా వైపు కొమ్ములకి ఇత్తడి కుప్పెలు తొడుగుతారు. కత్తులు తీసుకోండి, పిల్లల్ని వదలండి. దూడని విడదీస్తే మాత్రం దూడ పెద్దయ్యేదాకా ఆగక్కర్లేదు, ఇవాళే తల్లి కుమ్ముతుంది."

సాగరపట్నం రాజు ఒట్టి అన్నం వైపు కాసేపు దిగులుగా చూశాడు. "విత్తనాలు ఉండనీయండి. పంట వచ్చాక చూసుకుందాం" అన్నాడు.

ప్రచండ భూపతి మీసం సవరించుకున్నాడు. "నేను మొదటి నుంచీ ఇదే అనుకుంటున్నాను."

"తెలుసు ప్రభూ. గేదెకి తెలియడానికే మూడు రోజులు పట్టింది."

ఆ సాయంత్రమే పత్రం తిరగరాశారు. పిల్లలకి బదులు కత్తులు పుచ్చుకోవడానికి నల్లకోన రాజు కూడా ఒప్పుకున్నాడు. కాపలా తీసేయగానే పిల్లలు ఏట్లో దిగి అవతలి ఒడ్డుకి పరుగెత్తారు. అన్నేమాంబ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అందినవాణ్ణల్లా తల నిమిరి పంపుతోంది. రాజుల వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

ప్రచండ భూపతికి మనసు చివుక్కుమంది. "చూశావా మాచనా, ఇంత దయ చూపిస్తే ఒక్క నమస్కారమైనా లేదు."

"దూడని విప్పినవాడికి గేదె నమస్కారం పెట్టదు ప్రభూ. ముందు దూడని నాకుతుంది."

రాజు ఒక్క క్షణం గుర్రుగా చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వి, చేతి కడియం తీసి మాచనకి తొడిగాడు. ఆ నవ్వు అవతలి ఒడ్డు దాకా వినిపించింది గానీ, అక్కడ ఎవరికీ తల తిప్పి చూసే తీరిక లేదు.