రెండు వేళ్ళ దిమ్మ

పైడిరాజు బిగించిన ఇంజిను షెడ్డులో హాయిగా తిరిగేది. రోడ్డెక్కితే నల్లటి పొగ కక్కి ఆగిపోయేది.

కారు జోగారావుగారి తండ్రిది, స్వాతంత్ర్యానికి ముందుది. దాని సొంత ఇంజిను ఏనాడో కాలం చేసింది, విడిభాగాలు దొరకవు. అందుకని తరవాతి కాలపు ఇంజిను ఒకటి తెచ్చి అందులో కూర్చోబెట్టాలి. విశాఖపట్నంలో ఇలాంటి పనికి ఎవరైనా ఖాదర్ వలీ షెడ్డు పేరే చెబుతారు. ఖాదర్ వలీ మాత్రం పని ముట్టుకోకుండా శిష్యుడైన పైడిరాజుకు అప్పగించాడు.

"బండిని సింహాచలం కొండ ఘాటీ రోడ్డు ఎక్కించి దించు. తరవాత నీ షెడ్డు నువ్వు పెట్టుకో. నేనే వచ్చి తలుపు తీస్తా," అన్నాడు.

ఇక పైడిరాజు కాళ్ళు నేల మీద నిలవలేదు. గాజువాకలో చోటు చూసుకున్నాడు. బోర్డుకు ఏ రంగు వెయ్యాలో కూడా ఆలోచించుకున్నాడు. ఉస్తాదు చేత తలుపు తీయించుకోని షెడ్డుకు పాత కార్లవాళ్ళు రారని అతనికి బాగా తెలుసు.

గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ కొత్త ఇంజిను మీద నేరుగా కూర్చోదు. మధ్యలో ఒక దిమ్మ కావాలి. పైడిరాజు అల్యూమినియంతో ఆ దిమ్మ స్వయంగా చేశాడు. రెండు వేళ్ళ మందం, అద్దంలాంటి మెరుపు. పైన గాలి వడకట్టే డబ్బాకు చోటు చాలకపోతే దాని బదులు పలచటి జాలీ ఒకటి పెట్టాడు. బానెట్ రేకును ఎక్కడా కొయ్యలేదు, సుత్తి తగలనివ్వలేదు. మూస్తే చక్కగా మూసుకుంది. చూసినవాళ్ళు శభాష్ అన్నారు. వాళ్ళకంటే ముందే అతను అనుకున్నాడు.

ఘాటీ మొదటి మలుపులో బండి ఆగింది. పక్కసీట్లో ఉన్న జోగారావుగారు దిగి ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది పైడిరాజుకు.

షెడ్డుకు తెచ్చి, పెట్రోలు ఎక్కువ తాగుతోందని, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ తీసి చిన్నది వేశాడు. ఇంజిను దగ్గింది. మళ్ళీ పాత జెట్టే వేశాడు. హాయిగా తిరిగింది. రోడ్డెక్కితే మళ్ళీ పొగ. ఏ షెడ్డులోనైనా ట్యూనింగ్ బానెట్ ఎత్తిపెట్టే చేస్తారు. చెవి దగ్గరగా పెట్టి వినాలి కదా. తన చెవి మీద పైడిరాజుకు మహా నమ్మకం.

చివరికి ఉస్తాదు దగ్గరికి వెళ్ళాడు.

"పెట్రోల్లోనే ఏదో కల్తీ ఉంది ఉస్తాదూ. నా పనిలో తప్పేటీ నేదు. ఓసారి సెవి పెట్టి ఇనండి, ఎలా తిరుగుతుందో."

ఖాదర్ వలీ చెవి పెట్టలేదు. ఇంజిను ఆపెయ్యమని చెప్పి, పక్కనున్న పరోటా కొట్టుకు వెళ్ళాడు.

పైడిరాజుకు ఒళ్ళు మండింది. నా బతుకు ఇక్కడ నడిరోడ్డు మీద ఆగిపోతే ఈయనకు టిఫిను గుర్తొచ్చిందా అనుకున్నాడు.

ఉస్తాదు పరోటాతో రాలేదు. కలిపిన మైదాపిండితో వచ్చాడు. అందులోంచి నిమ్మకాయంత ముద్ద తీసి, కార్బురేటర్ మూతి మీది జాలీపై పెట్టాడు. బానెట్ దించి, గట్టిగా మూసి, మళ్ళీ ఎత్తాడు.

ముద్ద అప్పడమైపోయింది. దాన్ని గోటితో ఊడదీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"మందం చూడు."

పైడిరాజు వేళ్ళతో పట్టి పైకెత్తి చూశాడు. పిండిలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

"మందమేటీ నేదు ఉస్తాదూ."

"ఆ సందులోంచి ఊపిరి పీల్చుకునే అది కొండెక్కాలి."

పైడిరాజు ఎత్తి ఉన్న బానెట్ వంక చూశాడు. ఇన్నాళ్ళూ మూత ఎత్తి విన్నాడు. మూత వేశాక లోపల దాని గతేమిటో ఒక్కసారీ తోచలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"బానెట్ కొంచెం కోసి పైకి లేపీదా?"

"ఆ రేకు జోగారావుగారి నాన్నది."

"పోనీ, ఇంజిను కిందకి దించీదా?"

"ఇరుసుకు తగులుతుంది. నీకు తెలుసు."

"మరి దేన్ని తగ్గించమంటారు?"

ఖాదర్ వలీ పానా తీసి చేతికిచ్చాడు.

పైడిరాజు ఒక్కో నట్టూ విప్పి కార్బురేటర్‌ను పక్కన పెట్టాడు. దిమ్మ ఊడి వచ్చింది. ఉస్తాదు దాన్ని చొక్కా అంచుతో తుడిచి అటూ ఇటూ తిప్పాడు. ఒక పక్కన, బానెట్ ఎత్తినవాడికి ముందుగా కనబడే వైపున, అక్షరాలు చెక్కి ఉన్నాయి. పైడిరాజు. గుడి రాళ్ళ మీది అక్షరాలంత లోతుగా, పొందిగ్గా చెక్కాడు.

"అర వేలు మందం సరిపోయేది కదయ్యా. ఇంత ఎందుకు పెట్టావు?"

పైడిరాజు చూపు తన పేరు మీద నిలిచింది. అర వేలు మందంలో అక్షరాలు పట్టవు.

"చేతిరాత బాగుంది," అన్నాడు ఖాదర్ వలీ, దిమ్మ తిరిగి ఇచ్చేస్తూ. "బండికి చదువు రాదు."

టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

పైడిరాజు దిమ్మ పట్టుకుని వీధి చివర లేతు షాపుకు వెళ్ళాడు. ఎంతవరకు చెక్కాలో గీత గీసి చూపించాడు. లేతు మీద పని చేసే సన్నిబాబు గీతను చూశాడు, అక్షరాలను చూశాడు, చెయ్యి స్విచ్చి మీద పెట్టి ఆగాడు.

"నీ పేరు పోద్ది బావా. గాజువాకలో షెడ్డు పెడతన్నావు, పేరుండాలి కదేటి?"

"ముందు బండి కొండెక్కాలి," అన్నాడు పైడిరాజు. "తిప్పు."