ఒకే కుండలోని రెండు ఏనుగులు

పూర్వం నల్లరేగడి నేలల్లో ధవళగిరి అని ఒక రాజ్యం ఉండేది. నేల నలుపే గాని, పత్తి విచ్చే కాలంలో ఊళ్ళకు ఊళ్ళే పాలనురుగులో తేలుతున్నట్టు కనిపించేవి. ఆ రాజ్యాన్ని భీమభూపాలుడు ఏలేవాడు.

రాజు మంచివాడే. దానం చేసే చెయ్యి, జంకు ఎరగని గుండె. అయితే తన కళ్ళంటే ఆయనకు మహా గర్వం. వజ్రంలో నలుసునైనా, ఆమడ దూరంలో పాకే చీమనైనా పట్టేయగలనని చెప్పుకునేవాడు. ఆ గర్వం ముదిరి ముదిరి, ఒక విజయదశమినాడు తనకు తానే ‘సహస్రాక్ష’ అనే బిరుదు తగిలించుకున్నాడు. దేవేంద్రుడికి ఆ వేయి కళ్ళు ఎలా వచ్చాయో తెలిసిన పండితులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు.

దగ్గు వచ్చినట్టు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నవాడు మాత్రం ఒక్కడే. అతడు ఆస్థాన హాస్యగాడు విద్దన.

ధవళగిరికి పడమట నీలాటవి రాజ్యం. రెండింటికీ నడుమ ఒక వాగు. ఆ వాగు నీళ్ళ కోసం తాతల కాలం నుంచీ కొట్లాటలే. ఎందరో తల్లులకు కడుపుకోత మిగిలాక, నీలాటవి ముసలి రాజు కొండమరాజు మనసు మార్చుకుని, సంధి మాట్లాడుకుందాం, మీ ఇంటికే వస్తానని కబురంపాడు.

భీమభూపాలుడు సంతోషించి, చిత్రకారుడు నాగోజును పిలిపించాడు. “కొలువుకూటం ద్వారానికి అటొక ఏనుగు, ఇటొక ఏనుగు వెయ్యి. కుడివైపుది మనది. దాని వెనక విచ్చిన పత్తిచేలు, సున్నం కొట్టిన మన కోటగోడ కనిపించాలి. ఎడమవైపుది నీలాటవిది. దాని వెనక వాళ్ళ చిట్టడవి, వానమబ్బు వెయ్యి. ఏనుగులు మాత్రం సరిసమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను” అన్నాడు.

నాగోజు సున్నంలో దీపపు మసి నూరి, తుమ్మజిగురు కలిపి, కుండెడు బూడిద రంగు సిద్ధం చేసుకున్నాడు. నెలల తరబడి పనిచేసి, అతిథి రాకకు ముందే ముగించాడు.

తెర తీయించిన రోజున కొలువంతా నిండి ఉంది. రాజు ఎడమకు చూశాడు. కుడికి చూశాడు. మళ్ళీ ఎడమకు చూశాడు. మొహం కందగడ్డ అయింది.

“నాగోజూ, ఈ రెండూ ఒకే రంగా?”

“ఒకే రంగు మహాప్రభూ. ఒకే కుండలోది.”

“నీలాటవి ఏనుగు వెన్నెల్లో స్నానం చేసి వచ్చినట్టుంది. నా ఏనుగు బురదలో పొర్లిన ఎనుబోతులా ఉంది! దీన్ని సమానం అంటావా?”

మంత్రి సోమయామాత్యుడు అందుకున్నాడు. “ప్రభువుల దృష్టికి తిరుగేముంది? ఈ పని అటువాళ్ళు చెప్పి చేయించి ఉంటారు. మన నట్టింట్లో మనల్నే చిన్నబుచ్చాలని.”

“అయ్యో, లేదు దొరా! కావాలంటే కుండ తెచ్చి చూపిస్తాను” అన్నాడు నాగోజు చేతులు జోడించి.

“కుండ ఎందుకు? నా కళ్ళున్నాయి” అని రాజు గర్జించాడు. “రేపు కొలువులో వీడి కుడిచేతి బొటనవేలు తీయించండి. మళ్ళీ కుంచె పట్టకూడదు. కొండమరాజును రావద్దని కబురు చెయ్యండి!”

ఆ తీర్పు అన్యాయమనిపించింది విద్దనకు. చిక్కేమిటంటే, అతని కళ్ళూ రాజు కళ్ళ మాటే చెబుతున్నాయి. నీలాటవి ఏనుగు తెల్లగా మెరుస్తోంది, ధవళగిరి ఏనుగు నల్లబడి ఉంది. కాని నాగోజును అతడు చిన్ననాటి నుంచీ ఎరుగును. ఒక్క ఆకు వంకర పోయిందని గోడంతా కడిగేసుకునే మనిషి. అలాంటివాడు రాజు ఎదుట నిలబడి బొంకుతాడా? పైగా కబురు వెళ్ళిందంటే, వాగు మళ్ళీ ఎర్రబడుతుంది.

ఏం చేయాలో తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

“ప్రభూ, ఒక్క పూట గడువివ్వండి. రేపు పొద్దున మన ఏనుగు నీలాటవి ఏనుగుకంటే తెల్లగా మెరవకపోతే, నా బొటనవేలు కూడా తీసుకోండి. ఎలాగూ అది అన్నం కలుపుకోవడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు.”

రాజు పెదవి కాస్త వంగింది. “సరే. ఒక్క పూట. అంతవరకు కబురు కూడా ఆపండి” అన్నాడు.

కొలువు ఖాళీ అయ్యాక నాగోజు గోడకు చేరగిలబడి కూలబడ్డాడు. “అయ్యా, నా వేలు కోసం మీ వేలు ఎందుకు పెట్టారు? ఒక్క మాట మాత్రం చెబుతున్నాను. ఏనుగు మీద రంగు మార్చమంటే మార్చను. మారిస్తే నేను తప్పుడు రంగు వేశానని ఒప్పుకున్నట్టే.”

“మార్చకు. ముందు నన్ను చూడనీ” అన్నాడు విద్దన.

నీలాటవి ఏనుగు దగ్గరికి వెళ్ళి, ముక్కు గోడకు తగిలేంతగా ఆనించి చూశాడు. ఏనుగు డొక్క తప్ప మరేమీ కనిపించలేదు. మామూలు బూడిద రంగు. అవతలికి వెళ్ళి ధవళగిరి ఏనుగు డొక్కకు ముక్కు ఆనించాడు. అదే బూడిద రంగు! ఉలిక్కిపడి వెనక్కి నడిచాడు. వెనక పత్తిచేలు కంట పడ్డాయో లేదో, ఏనుగు నల్లబడింది.

 తరవాత పిడికిలిని గొట్టంలా చుట్టి, ఒక కంటికి ఆనించి, చుట్టుపక్కల బొమ్మ కనిపించకుండా ఏనుగు ఒంటినే చూశాడు. ఎడమది చూశాడు, కుడిది చూశాడు. రెండూ కవలల్లా ఉన్నాయి. పక్కున నవ్వాడు.

“నాగోజూ, తప్పు నీదీ కాదు, రాజుదీ కాదు. ఇరుగుపొరుగుది! మిట్టమధ్యాహ్నం దీపం పెడితే అది వెలుగుతున్నట్టే తెలియదు. అదే దీపం చీకటింట్లో పెడితే ఇల్లంతా నాదే అంటుంది. దీపం మారిందా? నీ ఏనుగుల సంగతీ అంతే. పద, ఒక తెల్లదుప్పటి, ఒక నల్లగొంగళి సంపాదించు. పెద్దవి కావాలి.”

తెల్లవారింది. రాజు కొలువుకు రాగానే ఎడమకు, కుడికి చూసి ఆగిపోయాడు. రెండు బొమ్మలకూ గుడ్డలు కప్పి ఉన్నాయి, ఏనుగు ఒక్కటే కనిపించేలా ఆ ఆకారం మేరకు వాటి మధ్యలో కత్తిరించి ఉంది. కుడివైపు నల్లగొంగళిలోంచి ధవళగిరి ఏనుగు మిలమిల మెరుస్తోంది. ఎడమవైపు తెల్లదుప్పటిలో నీలాటవి ఏనుగు మసిబారినట్టుంది.

“భళీ! ఇదీ మన ఏనుగంటే! ఏ రంగు పూయించావు విద్దనా?”

“నిన్నటికంటే తెల్లబడిందంటారా ప్రభూ?”

“అందులో సందేహమా? నా కళ్ళతో చూస్తున్నాను!”

“ఏలినవారి చూపుకు తిరుగు లేదు” అన్నాడు సోమయామాత్యుడు.

విద్దన సైగ చేశాడు. నాగోజు రెండు గుడ్డలనూ ఒక్కసారి లాగేశాడు.

అందరూ చూస్తుండగానే ధవళగిరి ఏనుగు నల్లబడిపోయింది. రాజు రెండడుగులు ముందుకు వేశాడు.

“మళ్ళీ కప్పు” అన్నాడు. కప్పితే ఏనుగు తెల్లబడింది. “తియ్యి” అన్నాడు. తీస్తే మళ్ళీ నల్లబడింది. పసిపిల్లవాడు తలుపు వేసి తీసినట్టు ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు. చివరకు గోడ దగ్గరికి వెళ్ళి వేలితో రాసి చూసుకున్నాడు. తడి లేదు. కొత్త రంగు లేదు.

గోడ వదిలి వెనక్కి తిరిగాడు.

“విద్దనా” అన్నాడు రాజు మెల్లగా. “అయితే నా కళ్ళు అబద్ధం చెప్పాయంటావా?”

అవునంటే విద్దన తల మీదికి వస్తుంది. కాదంటే నాగోజు వేలు పోతుంది. విద్దన వంగి నమస్కరించాడు.

“లేదు ప్రభూ. కళ్ళు నిజమే చెప్పాయి. ‘ఇది తన పక్కదానికంటే తెలుపు, అది తన పక్కదానికంటే నలుపు’ అన్నాయి. కన్ను తక్కెడ లాంటిది. అవతలి సిబ్బెలో ఏముందో దాన్నిబట్టే ఇవతలి బరువు చెబుతుంది. కన్ను తెచ్చిన సాక్ష్యం అంతే. తొందరపడి తీర్పు చెప్పింది లోపల కూర్చున్న బుద్ధి. నిన్న నా బుద్ధీ అదే తీర్పు చెప్పింది.”

“మరి వేయి కళ్ళున్నవాడి గతి?”

“వేయిసార్లు మోసపోతాడు ప్రభూ. ఉన్న రెండు కళ్ళకూ ఒక పిడికిలి తోడుంటే చాలు” అని విద్దన పిడికిలి చుట్టి కంటికి ఆనించి చూపించాడు.

రాజు అలాగే చూశాడు. ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు. అటు తిరిగేసరికి, సోమయామాత్యుడితో సహా కొలువు కొలువంతా పిడికిళ్ళు కళ్ళకు పెట్టుకుని గుడ్లగూబల్లా చూస్తున్నారు. అది చూసి ఆయనకు నవ్వు ఆగలేదు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు.

తరవాత నవ్వు ఆపి, నాగోజును దగ్గరికి పిలిచాడు. తీయించమన్న బొటనవేలికి తన వేలి ఉంగరం తొడిగాడు. “పత్తిచేలు వెయ్యమన్నది నేనే. నిన్ను తిట్టిందీ నేనే. మనసులో పెట్టుకోకు” అన్నాడు.  నాగోజు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

“ప్రభూ, అతిథి వచ్చేలోగా మన ఏనుగు వెనక నల్లరంగు వేయిద్దామా?” అని మంత్రి అడిగాడు.

“వద్దు. ఇంటికి వచ్చినవాడి ఏనుగు నాలుగు పాళ్ళు ఎక్కువ వెలిగితే మన సొమ్మేం పోయింది?” అన్నాడు రాజు.

కొండమరాజు రానే వచ్చాడు. ద్వారం దగ్గర ఆగి, ఎడమకూ కుడికీ చూసేసరికి ముసలాయన కళ్ళు చెమర్చాయి. “మా వాళ్ళను మీ వాళ్ళు అడవిమనుషులనేవారు. మీ ఇంట మా ఏనుగును మీ ఏనుగుకంటే తెల్లగా వేయించావా నాయనా!”

ఔనంటే సరిపోయేది. కాని భీమభూపాలుడు, “కాదు పెద్దాయనా, రెండూ ఒకే కుండలోవి. ఇలా పిడికిలి పట్టి చూడండి” అన్నాడు. తాతల నాడు కత్తులు పట్టిన రెండు వంశాల రాజులు, పక్కపక్కన నిలబడి, పిడికిళ్ళలోంచి ఏనుగులను చూస్తూ పిల్లల్లా నవ్వుకున్నారు. ఆ సాయంకాలమే వాగు నీళ్ళు ఇరువైపులా సమంగా పారాలని ఒప్పందం కుదిరింది.

అతిథిని సాగనంపాక రాజు విద్దనను పిలిచాడు. “నీకు మా గజశాలలోని మేలైన ఏనుగును ఇస్తున్నాను. తోలుకుపో.”

విద్దన గాభరాపడ్డాడు. “ప్రభూ, ఆ ఒక్కటీ వద్దు! ఇన్నాళ్ళూ పాకల నడుమ మా ఇల్లు మేడలా కనిపిస్తోంది. దాని ముందు ఏనుగును కట్టేస్తే కోడిగూడులా కనిపిస్తుంది. ఇక మా ఆవిడ నన్ను బతకనివ్వదు.”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే మంత్రిని కేకేశాడు.

“సోమయామాత్యా! ఏనుగు పక్కన నిలబెట్టినా చిన్నదిగా కనిపించనంత ఇల్లు ఒకటి విద్దనకు కట్టించు. కట్టడం అయ్యాక ఏనుగును తోలించు!”