కాస్పర్ వాయించని చోటు

కాస్పర్ వేళ్లకు కుదురు లేదు. వియన్నా నగరంలో అంత చురుకైన వేళ్లు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అతను మెట్ల వాద్యం ముందు సాధనకు కూర్చుంటే పక్కవీధిలో గుర్రాలు నడక తప్పేవంటే నమ్మండి. అలాంటివాడికి ఒకటే జబ్బు. పాటలో కాస్త ఖాళీ కనిపిస్తే చాలు, పాత పద్ధతిలో గమకాలు కూరేసేవాడు.

అతని గురువు ఇగ్నాజ్ గారిది కొత్త పద్ధతి. కుడిచేయి పాడుతుంది, ఎడమచేయి కిందనుంచి మెల్లగా మోస్తుంది. ఒక చిన్న వాక్యం ప్రశ్నలా, అంతే పొడవు వాక్యం జవాబులా. ఉయ్యాలలో పిల్ల కూడా ఒక్కసారి విని కూనిరాగం తీసేంత తేట. ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఆయన కొంత చోటు వదిలేవారు.

"అక్కడేం పెట్టావురా?" అన్నారు, కాస్పర్ ప్రభువు విందులో వాయించాల్సిన రోజు ఉదయం.

"చిన్న అలంకారం, గురువుగారూ. ఊరికే ఆగితే మర్చిపోయాననుకుంటారు."

"అనుకోనీ."

"మీకేం, ఎన్నయినా అంటారు! ఇవాళ ప్రభువుకు నచ్చకపోతే రేపటినుంచి మా మామయ్య బీరు బట్టీలో పీపాలు దొర్లించాల్సింది నేను."

ఇగ్నాజ్ గారు కోటు తొడుక్కున్నారు. "పద. స్వరాల కాగితాలు తిప్పడానికి నేనొస్తాను."

ప్రభువు భోజనశాల అంటే ఏమనుకున్నారు! గోడల బంగారానికి ఎండ తగిలితే బయట తోటలో నెమళ్లు కళ్లు మూసుకునేవి. ఆ ఇంట్లో సంగీతం భోజనంతో పాటు వడ్డించే పదార్థం. ఒకపక్క వాద్యం మోగుతుంటే మరోపక్క పేకాట, ఎముకలు కొరకడం, పక్కింటి పెళ్లిళ్ల ముచ్చట్లు. వినడం ఎవరికీ అలవాటు లేదు.

నడుమ కొత్త పియానో ఉంది. కాస్పర్ ఇన్నాళ్లూ వాయించిన పాత వాద్యానికి మెట్లు ఎంత మెల్లగా నొక్కినా, ఎంత గట్టిగా నొక్కినా ఒకటే గొంతు. దీనికో, గుసగుస నుంచి ఉరుము దాకా అన్నీ వచ్చు.

కాస్పర్ మొదలుపెట్టాడు. ప్రశ్న తేటగా పలికింది. ఎవరూ తలెత్తలేదు. ఎవరో జోకు వేశారు, బల్లంతా ఘొల్లుమంది. కాస్పర్ చెవులు ఎర్రబడ్డాయి. ఖాళీ వచ్చేసింది. వేళ్లు గమకాలకు లేచాయి.

పక్క కుర్చీలో ఉన్న ఇగ్నాజ్ గారు కాగితం తిప్పలేదు. తన అరచేతిని శిష్యుడి రెండు చేతులమీదా ఆనించి, అలాగే ఉంచారు.

ఏమీ మోగలేదు.

నవ్వుతున్న పెద్దమనిషి నోరు తెరిచే ఉండిపోయింది. సూప్ గరిటె గాలిలో ఆగింది. పేకముక్క వేయబోయిన చేయి వేయలేదు. నది కూడా ఆ క్షణం ప్రవాహం ఆపి కిటికీ దగ్గరికొచ్చి నిలబడిందని అక్కడున్నవాళ్లు చచ్చేదాకా చెప్పుకున్నారు. ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. అందరూ ఒకవైపే వంగారు. జవాబు కోసం.

గురువు చేయి తీశారు.

జవాబు గుసగుసలా వచ్చింది. తర్వాత కొద్దికొద్దిగా పెరిగింది, ఇంకా పెరిగింది, చివరికి గాజు గ్లాసులు వాటంతట అవే పాడాయి. ముగిశాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని తోచలేదు.

ప్రభువు లేచి పియానో దగ్గరికి వచ్చాడు. అతని మెడకు కట్టిన తువ్వాలు ఇంకా అలాగే ఉంది.

"రేపటినుంచి నువ్విక్కడే, అబ్బాయ్. ముందు ఆ మధ్యలోది మరోసారి వినిపించు."

"మధ్యలో నేనేమీ వాయించలేదు, ప్రభూ."

"అదే."

కాస్పర్ పక్కకు చూశాడు. గురువు కుర్చీ అక్కడ లేదు. ఇగ్నాజ్ గారు దాన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్లి, వీపు తిప్పి కూర్చున్నారు.

కాస్పర్ ప్రశ్న వాయించాడు. రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.