బిడ్డకొక పన్ను

అనగనగా ఒక కొండ ఊళ్ళో, ఒకే చూరు కింద, ఇద్దరు తోటికోడళ్ళు ఉండేవారు. సోమవారం పుట్టింది కనుక పెద్దామె సోంబారి. గురువారం పుట్టింది కనుక చిన్నామె గురుబారి. వాళ్ళు సవరలు, కన్నా. ఆ ఊళ్ళో చాలామందికి పుట్టిన వారమే పేరు.

ఆ ఏడు ఇద్దరూ ఒకేసారి కడుపుతో ఉన్నారు. అత్త జమ్మికి సంతోషం పట్టలేదు. "ఒక ఉయ్యాల సాలదు, రెండు కట్టాల," అని కనబడిన వాళ్ళందరికీ చెప్పింది.

గురుబారి నవ్వితే పళ్ళు కొండవాగులోని గులకరాళ్ళలా మెరిసేవి. కాల్చిన మొక్కజొన్న పొత్తును ఆమె పటపటా కొరికేది. పచ్చిమామిడి ముక్కను కరకరా నమిలేది. ఆ చప్పుడు సోంబారి చెవికి ముల్లులా తగిలేది.

ఎందుకంటే సోంబారికి దవడపన్ను పుచ్చింది. చిగుళ్ళు వాచాయి. అంబలి తాగినా నెత్తురు రుచి తగిలేది. నొప్పి తెలియకుండా ఆమె అడ్డచుట్ట కాల్చేది. వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చడాన్నే అడ్డచుట్ట అంటారు. అత్త అలాగే కాల్చేది, అత్తకు అత్త కూడా అలాగే కాల్చేదట. దానితో కాసేపు నోరు మొద్దుబారేది. ఆ తర్వాత నొప్పి రెట్టింపై తిరిగి వచ్చేది.

మరి వైద్యం ఎందుకు చేయించుకోలేదు అంటావా? చెబుతాను, విను.

ఆ ఊరి ఆడవాళ్ళలో ఒక మాట ఉండేది. బిడ్డకొక పన్ను. కడుపులో ఒక బిడ్డ పెరిగితే తల్లి నోట్లో ఒక పన్ను రాలుతుందనీ, అది బిడ్డకు ఇచ్చుకోవలసిందేననీ అనుకునేవారు. మొదటి కాన్పుకు సోంబారి ఒక పన్ను ఇచ్చుకుంది. అయినా ఆ పాప నెలలు నిండకుండానే పుట్టి, పేరైనా పెట్టించుకోకుండా వెళ్ళిపోయింది. వాగు ఒడ్డున ఆ పాపకొక చిన్న రాయి ఉంది. నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా సోంబారి ఆ రాయి మీద రాలిన ఆకులు దులిపి వచ్చేది. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు.

ఇప్పుడు ఈ పన్ను పోతే పోనీ, ఈ బిడ్డ మాత్రం దక్కాలి. అందుకే ఆమె ఆ పన్ను జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు. 'నాకు పన్నూ పోయింది, పాపా పోయింది. దానికి మాత్రం పన్నూ ఉండాలి, పాపా కావాలి. ఇదేం న్యాయం?' అని గురుబారిని చూసినప్పుడల్లా లోలోపల కుమ్ములా రగిలేది.

కొండ కింద ఒక ఆసుపత్రి ఉంది. అక్కడికి సంతరోజున పళ్ళ డాక్టరమ్మ వచ్చేది. ఆమె గురుబారి చిగుళ్ళు శుభ్రం చేసి, మెత్తని నీలం బ్రష్ ఒకటి ఇచ్చింది.

"అప్పా, నువ్వూ రా. కడుపుతో ఉన్నా సూపించుకోవచ్చంట," అని గురుబారి అక్క వరసతో పిలిచింది.

"నీ నోరు నువ్వు సూసుకోయే," అంది సోంబారి.

అప్పుడు సోంబారి ఏం చేసిందనుకున్నావు? ఆ నీలం బ్రష్‌ను దొంగిలించి చూరులో దోపేసింది. గురుబారి వెతికి వెతికి, పెరట్లోని కానుగపుల్ల విరిచి తోముకుంది. పళ్ళు ఎప్పటిలాగే మెరిశాయి.

ఆ తర్వాత సోంబారి కానుగ కొమ్మలన్నీ నరికి పొయ్యిలో పెట్టింది. గురుబారి గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించి, వేలితో చిగుళ్ళు రుద్దుకుంది. పళ్ళు ఎప్పటిలాగే మెరిశాయి.

ఆ తర్వాత ఉప్పుకుండే మాయమైంది.

ఆ పూట ఇంటిల్లిపాదికీ చప్పిడి అంబలి. అత్త ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఓలమ్మో, ఇదేటే? ఆవుకి పెట్టాల్సిన కుడితి నాకు పోసినారా?"

గురుబారి పకపకా నవ్వింది. సోంబారి నవ్వలేదు. ఆమె గిన్నెలో అంబలి పోసింది పోసినట్టే ఉంది. అప్పుడు అత్త ఆ గిన్నెను చూసింది. ఆ తర్వాత కోడలి వాచిన చెంపను చూసింది. ఆ తర్వాత సన్నబడిన చేతి మీద వదులుగా జారుతున్న గాజును చూసింది. ఉప్పుకుండ ఎవరి దగ్గర ఉందో ఆమెకు తెలిసిపోయింది. 

మర్నాడు ముగ్గురూ అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు.

"గురుబారీ, రేపు సంతకి నువ్వొక్కదానివే ఎల్లు," అంది అత్త. "డాక్టరమ్మ ముందు మొదట కూకున్నదాన్ని బాగా సూస్తాదంట. సోంబారిని పిలవకు. నీకున్న ఓపిక దానికేదీ? కొండ దిగలేదు."

చేతిలోని పిక్క విసిరికొట్టింది సోంబారి. "నేను దిగలేనా? నాకంటే దానికేటి ఓపిక?"

"ఏదో మాటకన్నాను గానీ, నువ్వెందుకులే," అంది అత్త, చింతపండు మీది నుంచి తల ఎత్తకుండా.

తెల్లవారేసరికి సోంబారి చాప ఖాళీగా ఉంది. గురుబారి కొండ దిగి ఆసుపత్రికి చేరేసరికి, బల్ల మీద మొదటి చోట సోంబారి కూర్చుని ఉంది. చెంపకు గుడ్డ కట్టుకుని, ఎవరైనా లాగేస్తారన్నట్టు బల్లను రెండు చేతులా పట్టుకుంది.

"కొంచెం జరుగప్పా, నేనూ కూకుంటాను."

"ఎనక్కి పో. మొదలు నాది."

మొదటి చోటైతే దక్కింది కానీ, లోపల డాక్టరమ్మ ఎదుట కూర్చోగానే సోంబారి పెదవులు బిగించేసింది.

"భయపడకమ్మా. పీకను. నయం చేస్తాను," అంది డాక్టరమ్మ.

"వద్దు. పన్ను నిలబడితే బిడ్డ నిలబడదు. ఒకసారి ఒకటి ఇచ్చాను. సాల్లేదు, ఆ పాప పోయింది. ఇది కూడా పోనీ."

డాక్టరమ్మ చేతిలోని పనిముట్టు కింద పెట్టింది. "పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఏం లేదు."

"నిన్న?"

సోంబారి తల వంచుకుంది.

"ఆ పాప వెళ్ళిపోయింది నువ్వు తక్కువ ఇచ్చినందుకు కాదు, తల్లీ. బిడ్డ పన్ను అడగదు. అన్నం అడుగుతుంది. ఈ నొప్పితో నువ్వు ముద్ద మింగకపోతే, లోపలి బిడ్డకు ఎవరు పెడతారు?"

సోంబారి తలుపు వైపు చూసింది. అక్కడ గురుబారి నిలబడి ఉంది.

"అప్పా," అంది గురుబారి మెల్లగా. "నువ్వు వాగుకి రాని రోజున ఆ రాయి మీద ఆకులు నేను దులుపుతున్నాను."

సోంబారి చెంపకు కట్టుకున్న గుడ్డ విప్పింది. ఆ తర్వాత నోరు తెరిచింది.

డాక్టరమ్మ చీము తీసి, పుచ్చును శుభ్రం చేసి, గర్భిణులకు సరిపడే మందు ఇచ్చింది. మళ్ళీ రమ్మంది. చుట్ట మానమంది. చివర ఒక ఎర్ర బ్రష్ ఇచ్చింది.

"దానికి నీలం ఇచ్చి, నాకు ఎరుపు ఎందుకిచ్చారు?" అని అడిగింది సోంబారి.

ఆ సాయంత్రం ఉప్పుకుండ తన చోటికి తిరిగి వచ్చింది. నీలం బ్రష్ చూరులోంచి దిగి గురుబారి గూట్లో కనబడింది.  చుట్ట మానడం మాత్రం సోంబారికి కష్టమైంది. కోడలే మానగా తాను మానలేనా అని అత్త కూడా పంతం పట్టింది. ఇద్దరూ ఒకరినొకరు కాపలా కాసుకున్నారు.

నెమ్మదిగా వాపు తగ్గింది. అప్పుడు సోంబారి అంబలి తాగింది. ఆ తర్వాత అన్నం తింది. ఆ తర్వాత ఒకనాడు గురుబారి చేతిలోని మొక్కజొన్న పొత్తు లాక్కుని పటపటా కొరికింది.

నెలలు నిండాయి. ముందు గురుబారికి కొడుకు పుట్టాడు. సోంబారి పరుగున వెళ్ళి వాడి నోట్లోకి తొంగి చూసి, పళ్ళేమీ లేవని చూసుకుని ఊపిరి పీల్చుకుంది. "ఏటే, ముప్పైరెండు పళ్ళతో పుడతాడనుకున్నావా?" అంది అత్త. ఆ తర్వాత సోంబారికి కూతురు పుట్టింది. నెలలు నిండిన పాప. ఆ ఏడుపు వాగు అవతలికి వినబడింది. మంగళవారం పుట్టింది కనుక మంగడి అని పేరు పెట్టారు. అవును కన్నా, ఈ పాప పేరు పెట్టించుకునేదాకా ఉంది.

అసూయ పోయిందా అని అడుగుతున్నావా? ఎక్కడ పోతుంది? మొదటి పన్ను గురుబారి కొడుక్కి వచ్చింది. సోంబారి ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. పాప చిగుళ్ళు తడిగుడ్డతో తుడుస్తూ, "నీదెప్పుడే? వాడిది వచ్చేసింది కదే," అని రోజూ సాధించింది.

ఒకరోజు అలా తుడుస్తుంటే వేలికి కటుక్కుమని తగిలింది. చిన్న బియ్యపుగింజంత పన్ను. పాప ఆ వేలిని వదలలేదు.

నొప్పికి సోంబారి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆమె వేలు వెనక్కి తీసుకోలేదు. తన పన్ను తనకు ఉంది. బిడ్డ ఉంది. బిడ్డకూ పన్ను ఉంది. అప్పుడు ఆమె కొండ వినేలా కేక వేసింది.

"ఓలె గురుబారీ, పరిగెత్తుకు రా! నీ కొడుకు పన్ను కంటే నా కూతురి పన్ను పదునే!"

పుక్కిలి నీళ్ళు పాదులో పోశాం,
ఉప్పుకుండను ఉట్టిలో పెట్టాం,
కథను కంచికి సాగనంపాం,
మనం ఇంటికొచ్చి పడుకున్నాం.