జింకల బీడు

వినండర్రా పిల్లలూ! ఏడు సముద్రాలకు ఇవతల కంకణపురమని ఒక రాజ్యం. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడి పేరు కువలయుడు. మంచివాడే గాని, వాడికి తొందర జాస్తి.

కువలయుడికి కనకాంగి అనే రాజకుమార్తెతో పెళ్ళి కుదిరింది. లగ్నం వారం ఉందనగా ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆమె ముందు ప్రత్యక్షమై, "నన్ను చేసుకో" అన్నాడు. ఆమె ఛీ పొమ్మంది. వాడు కోపంతో ఆమెను చుక్కల జింకగా మార్చి అడవిలోకి తోలేశాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకను ఆమె నెత్తినే కాపలా కూర్చోబెట్టి, తాను ఏడు సముద్రాల అవతలికి పోయాడు. చిలక చస్తే మాంత్రికుడు చస్తాడు. మాంత్రికుడు చస్తే కనకాంగి మళ్ళీ మనిషవుతుంది.

పెద్దన్న డప్పులు కొట్టించుకుంటూ అడవికి వెళ్ళాడు. జింకలు పారిపోయాయి. నడిపన్న వలలు పట్టుకుని వెళ్ళాడు. జింకలు ఇంకా లోపలికి పోయాయి. బాణం వేద్దామంటే ఎవరికీ చేతులాడలేదు. గురి వెంట్రుకవాసి తప్పితే కనకాంగి ప్రాణమే పోతుంది.

కువలయుడు తల పట్టుకుని కూర్చుంటే ఒక ముసలి కుందేలు వచ్చింది.

"ఏం నాయనా, అడవి అంచున మీ నాన్న నీకిచ్చిన బీడు ఉంది కదా?"

"ఉంది తాతా. అన్నీ రాళ్ళూ రప్పలే. దానితో ఏం లాభం?"

"నువ్వు వెంటపడితే జింకలు పారిపోతాయి. అవే నీ దగ్గరికి వచ్చేట్టు ఆ నేలను బాగుచెయ్యి. భయం పోయి అవి నీ చేతిలో మేత తిన్ననాడు, చిలక నీ చేతికి అందుతుంది."

మొదటి ఏడు కువలయుడు కుంట తవ్వించి, నాలుగు వైపులా రాతి మెట్లు కట్టించాడు. ఒక్క జింకా రాలేదు. కుందేలు పడీపడీ నవ్వింది. "జలకాలాడడానికి అవేమన్నా రాణీగార్లా? లేడిపిల్ల కాలు జారితే పట్టుకునేదెవరు?" కువలయుడు మెట్లు పీకించి, ఒడ్డును వాలుగా చేయించాడు.

రెండో ఏడు పెసలూ ఉలవలూ చల్లించాడు, రేగూ ఉసిరీ నాటించాడు. చూడ్డానికి బాగాలేవని పొదలన్నీ కొట్టించబోతే కుందేలు అడ్డం పడింది. "దాక్కునే చోటు పక్కన లేకపోతే ఏ జింకకు మేత సయిస్తుంది నాయనా?" పొదలు ఉండిపోయాయి. ఊరి గొడ్లు పడకుండా చుట్టూ ముళ్ళకంచె వేయించి, అడవివైపు మాత్రం దారి వదిలాడు. ఆ ఏడు కుంట ఒడ్డున గిట్టల జాడలు కనిపించాయి. కువలయుడు ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు.

మూడో ఏడు ఉప్పుగడ్డలు పెట్టాడు. "ఇక నువ్వు చేసేదేమీ లేదు. కదలకుండా కూర్చో. ఆ దారి మాత్రం ఎన్నడూ మూయకు" అంది కుందేలు.

కువలయుడు రోజూ సాయంత్రం దోసిట్లో పెసలు పట్టుకుని కూర్చున్నాడు. మంద నూరడుగుల దూరానికి వచ్చింది. తర్వాత యాభై. తర్వాత పది. చిలకను మోస్తున్న జింక అతని కళ్ళలోకి చూసి, ఒక్క అడుగు ముందుకు వేసి, వెనుదిరిగింది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

ఏం చెప్పమంటారు, కువలయుడి మనసు ఆగలేదు. రేపు రాకపోతే? మూడేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టేనా? ఒక్క పరుగున వెళ్ళి, మంద ఇంకా లోపల ఉండగానే ముళ్ళకంప లాగి ఆ దారి మూసేశాడు.

మంద బెదిరిపోయింది. కంచె మీదికి దూకిన రెండు తల్లిజింకలు ముళ్ళలో చిక్కి గిలగిలలాడి ప్రాణాలు విడిచాయి. ఆ గందరగోళంలో చిలక కూడా ఎగరబోయి కంపలో చిక్కుకుంది. కువలయుడు దాని మెడ విరిచాడు. ఏడు సముద్రాల అవతల ధూమ్రకేశుడు నేలకొరిగాడు. ఇక్కడ కనకాంగి మనిషై నిలబడింది. కువలయుడు కంప లాగేయగానే మిగిలిన జింకలు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాయి.

కనకాంగి వెళ్ళి చచ్చిన జింకల పక్కన కూర్చుంది.

"రేపు మీ చేతిలో తిందామనుకున్నాను" అంది మెల్లగా.



పెళ్ళి మాత్రం ఘనంగా జరిగింది. అన్నలిద్దరూ ఒప్పుకుని తమ్ముడికే పట్టం కట్టించారు. కువలయుడు చాలాకాలం చల్లగా ఏలాడు, పిల్లాపాపలతో ఇల్లు నిండింది. కంచె ఆనాడే పీకించేశాడు. బీడులో ఉసిరి విరగకాసింది. నెమళ్ళు వచ్చాయి, అడవిపందులు వచ్చాయి, కుందేళ్ళు వచ్చాయి. జింక మాత్రం ఒక్కటీ రాలేదు. అయినా రాజు రోజూ సాయంత్రం పెసలు తీసుకుని అక్కడికి వెళ్ళేవాడు.

జుట్టు నెరిసిన తర్వాత ఒకనాడు రాణి కూడా వెంట వెళ్ళింది.

"కనకాంగీ, నన్ను మన్నించావా?" అని అడిగాడు రాజు.

"నేను ఎప్పుడో మన్నించాను ప్రభూ. కానీ ఆ మందలో మనిషినైంది నేనొక్కదాన్నే కదా!"

రాజు మర్నాడు సాయంత్రం మళ్ళీ పెసలు తీసుకుని వెళ్ళాడు.