చింతగింజల గుట్ట

అనగనగా ఒక అడవిలో ఒక గోరువంక ఉండేది. దానికి మొండితనం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఆ గోరువంక ఎవరా అని మీరు వెతుక్కోనక్కర్లేదు పిల్లలూ. నేనే. తోకలో మూడు ఈకలు తక్కువున్నాయి చూడండి, అదే గుర్తు.

మా గోరువంకలు ఏ భాషనైనా ఇట్టే పట్టేస్తాయి. నేను చిన్నప్పుడే కొండముచ్చుల భాష పట్టాను. అప్పట్లో ఆ భాషకు మంచి గిరాకీ. ఎందుకో చెబుతాను. చిరుత వస్తే నేల మీద తిరిగేవాళ్ళకు ముందు వాసన తెలుస్తుంది, కానీ ఎటు ఉందో కనపడదు. చెట్టు చిటారున కూర్చున్న కొండముచ్చుకు అన్నీ కనపడతాయి, కానీ వాసన అందదు. ఈ ఇద్దరూ మాట్లాడుకోగలిగితే ప్రాణాలు దక్కుతాయి.

ఏటి అవతల జింకల అడవిలో ఈ భాష నేర్పడానికి పంతులు కావాలని కబురొచ్చింది. నేను ఎగిరి వెళ్ళాను. ఇప్పచెట్టు కింద బడి, ఆ చెట్టు తొర్రలోనే ఇల్లు, రోజుకు ఇన్ని పురుగులు. అన్నిటికన్నా మించి "పంతులు గారూ" అనే పిలుపు. అది వింటే నా మెడ రెండంగుళాలు సాగేది. అక్కడ నాలుగేళ్ళు పాఠాలు జరిగాయి. ఆ నాలుగేళ్ళూ మాట్లాడింది నేనొక్కడినే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

నా బడిలో పొడలమ్మ అని ఒక జింక ఉండేది. ముగ్గురు పిల్లల తల్లి. బడికి రాకముందు ఒకనాడు చిరుత వాసన పట్టింది గానీ పైనున్న కొండముచ్చును ఎటు అని అడగడానికి మాట రాలేదు. ఆ రోజు ఒక పిల్లను పోగొట్టుకుంది. మిగిలిన ఇద్దరి కోసం బడిలో చేరింది. రోజూ ఏదో అనబోయి గిట్ట ఎత్తేది. రోజూ నేను "ఆగమ్మా, పాఠం అవనీ" అనేవాణ్ణి. నా పాఠం అయ్యేసరికి పొద్దు వాలేది.

ఇలా ఉండగా జింకల పెద్ద కొమ్ములయ్య వచ్చాడు. తమ భాషను గోరువంక నేర్పడమేమిటని కొండముచ్చులు నవ్వుతున్నాయట. అందుకని కొత్త కట్టుబాటు పెట్టారట. వానలు పడేలోగా పెద్ద పట్టా సంపాదించిన పంతులే ఉండాలి. లేనివాడు ఏరు దాటి వెళ్ళిపోవాలి. కొమ్ములయ్య మంచివాడు. ఈ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేక గడ్డివైపు చూశాడు.

పెద్ద పట్టా అంటే ఒక టేకాకు, దాని మీద బూడిదమ్మ గోటి గుర్తు. బూడిదమ్మ కొండముచ్చుల్లోకెల్లా ముసలిది. పంతుళ్ళకు పరీక్ష పెట్టేది ఆవిడే. ఆవిడ కొమ్మ మీద కూర్చుని చూస్తుంటే మనం కింద పాఠం చెప్పాలి. మూడు అవకాశాలు. ఏ ఒక్కటి నచ్చినా గోరు గుచ్చుతుంది. మూడూ పోతే ఇంటిదారే. ఇంటికి వెళ్ళడానికి నాకు మొహం లేదు. నేను లేకపోతే అక్కడ జింకలన్నీ మూగవైపోతాయని ఇక్కడ అందరికీ చెప్పి మరీ వెళ్ళాను.

మొదటి పాఠానికి మూడు రోజులు సాధన చేశాను. కొండముచ్చుల కేకలు ముప్ఫై రెండు రకాలనీ, ఒక్కొక్కటి గొంతులో ఎక్కడ పుడుతుందనీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను. బూడిదమ్మ ఒడిలో చింతగింజలు పెట్టుకుంది. నేను ఒక మాట అన్నప్పుడల్లా ఒక గింజ కిందికి, ఎడమ పక్కన వేసింది. గింజలు టపటపా పడుతుంటే అవి నా మార్కులనుకున్నాను. ఇంకా గట్టిగా చెప్పాను. చివరికి ఆవిడ కిందికి దిగి, "నోరు బాగుంది పంతులూ. మరి పాఠం ఎప్పుడు?" అని వెళ్ళిపోయింది.

నాకన్నా కొండముచ్చు భాష తనకు తక్కువ వచ్చునని ఆవిడకు కడుపుమంట అని జింకలతో చెప్పాను. అవి తలలూపాయి. నాలుగేళ్ళలో నేను వాటికి బాగా నేర్పింది అదొక్కటే.

రెండోసారి ఎగురుతూ చెప్పాను, గెంతుతూ చెప్పాను, తలకిందులుగా వేలాడి చెప్పాను. ఎడమ పక్క గుట్ట చీమల పుట్టంత అయింది. టేకాకు మాత్రం ఖాళీగానే ఉంది. నేను ఉండబట్టలేక, ఇన్ని మార్కులు వేసి పట్టా ఇవ్వరేమని అడిగేశాను.

బూడిదమ్మ నన్ను జాలిగా చూసింది. "మార్కులు కావు నాయనా. ఎడమ గుట్ట నువ్వు మాట్లాడిన మాటలు. కుడి గుట్ట నీ పిల్లలు మాట్లాడినవి."

కుడి పక్క చూశాను. అక్కడ గుట్ట లేదు. ఒక చీమ పోతోంది.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. జింకలను వాటి మానాన మాట్లాడనిస్తే తప్పులు పోతాయి, తప్పులు పోతే నా పరువు పోతుంది. అందుకని ఒక ఎత్తు వేశాను. వారం రోజులు వాటి చేత ఒకే ముక్క బట్టీ పట్టించాను. చిరుత ఎక్కడ ఉందని నేను అడగాలి. కొండ మీద ఉందని అవి ఒకరి తరవాత ఒకరు చెప్పాలి. ఇక కుడి గుట్ట పెరగక ఏమవుతుంది?

మూడో పాఠం మొదలైంది. ఆకాశంలో మబ్బు పట్టి ఉంది. ఇదే చివరి అవకాశం. నేను అడుగుతున్నాను, జింకలు చెబుతున్నాయి, గింజలు కుడి పక్క పడుతున్నాయి. నా మెడ సాగుతోంది. పొడలమ్మ వంతు వచ్చింది.

"చిరుత ఎక్కడ ఉంది?" అన్నాను.

"గడ్డి" అంది పొడలమ్మ.

గడ్డి కాదు, కొండ అనాలని దిద్దాను. మళ్ళీ అడిగాను. అది మళ్ళీ గడ్డి అనే అంది. ఈవిడకు కాస్త మతిమరుపని బూడిదమ్మకు సంజాయిషీ చెప్పుకున్నాను. మూడోసారి అడగబోతూ పొడలమ్మను చూశాను. అది నన్ను చూడడం లేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. పక్కన పిల్లలిద్దరూ అమ్మ పొట్ట కిందికి దూరారు.

నా గొంతులో ఇంకో దిద్దుబాటు తయారుగా ఉంది. చాలా మంచి దిద్దుబాటు. దాన్ని మింగేశాను. పట్టా పోతే పోయిందనుకుని నోరు మూసుకున్నాను.

నాలుగేళ్ళలో ఆ బడిలో మొదటిసారి నిశ్శబ్దం. పొడలమ్మ తల పైకెత్తింది. వచ్చీరాని కొండముచ్చు భాషలో తనే పలికింది.

"పెద్దమ్మా, గడ్డి... వాసన. ఎటు?"

గింజల లెక్కలో మునిగిన బూడిదమ్మ దిగ్గున లేచి చూసింది. "ఏటి వైపు రెల్లులో ఉంది. కొండకేసి పొండి."

పొడలమ్మ పిల్లలను ముందు తోసింది. కన్ను మూసి తెరిచేలోగా ఇప్పచెట్టు కింద ఒక్క జింక లేదు. నేను మాత్రం ఉన్నాను. ఖాళీ టేకాకు నేల మీదే ఉండిపోయిందని దాన్ని పట్టుకు లాగుతున్నాను. చిరుత దూకింది. ఆకు నాకు దక్కింది, తోక ఈకలు మూడు దానికి దక్కాయి.

చిరుత విసుక్కుంటూ వెళ్ళిపోయాక బూడిదమ్మ దిగి వచ్చింది. కుడి గుట్టను కాలితో తోసి ఎడమ గుట్టలో కలిపేసింది. బట్టీ మాటలు కూడా నావేనట, వాళ్ళ నోటితో నేనే మాట్లాడానట. ఆ తరవాత కుడి పక్కన కొత్తగా నాలుగు గింజలు పెట్టింది. పెద్దమ్మా, గడ్డి, వాసన, ఎటు. అంతే. టేకాకు అందుకుని గోరు గుచ్చింది.

"మరి నేనేం చెప్పానమ్మా?" అన్నాను.

"ఏమీ చెప్పలేదు. అప్పుడే బాగున్నావు" అంది.

ఆ టేకాకు మొదటి వానకే చివికిపోయింది. నేను మాత్రం అక్కడ ఇంకో ఆరేళ్ళు ఉండి వచ్చాను. ఇప్పుడు ఆ బడిలో పొడలమ్మే పాఠం చెబుతోంది. రోజంతా కలిపి పది మాటలు మించి మాట్లాడదట. వాళ్ళ బడిలో గోల మాత్రం ఏరు దాటి వినిపిస్తుంది.

అదిగో, ఇంతసేపూ మళ్ళీ నేనే వాగాను. గింజలు వేసేవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది. ఇక ఈ కథ మీలో ఒకరు చెప్పండి. తప్పులు పోయినా పరవాలేదు. మధ్యలో నేను దిద్దబోతే, మిగిలిన తోక పట్టుకుని లాగండి.

నీతి: మన దగ్గర నేర్చుకున్నవాళ్ళ నోట సొంతంగా వచ్చే మాటే మన చదువుకు కొలత. అది వినపడాలంటే ముందు మనం నోరు మూసుకోవాలి.