గవరమ్మ పెట్టల గాయాలు

ఏ రాజు ఏలిన నాటి మాటో గాని, కొండవాలున గుమ్మడిగూడెం అనే పల్లెలో గవరమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు పదకొండు కోడిపెట్టలు. ఒక వానాకాలంలో వాటి గూడు కూలిపోయింది. గవరమ్మ అన్నింటినీ ఓ చిన్న గూట్లోకి తోలి, చుట్టూ కాస్త జాగా విడిచి తడిక కట్టేసింది.

వారం తిరక్కుండానే ఒక చిన్నపెట్టకు తోక దగ్గర ఈకలు ఊడి, నెత్తురు కారుతూ కనబడింది.

గవరమ్మ అనుమానం ముందుగా నల్లపెట్ట మీదికి పోయింది. అది తోడికోడలు అచ్చియ్యమ్మ ఇచ్చిన పెట్ట. దాని చూపే మంచిది కాదనుకుని గంప కింద మూసింది. మర్నాటికి చిన్నపెట్ట గాయం ఇంకా పెద్దదైంది.

ఆపైన ఎర్రపెట్ట. ముక్కు మరీ వాడిగా ఉందని దాని కాలికి తాడు కట్టి వసారాలో ఉంచింది. ఆ సాయంత్రానికి ఇంకో పెట్ట వీపు పుండైంది.

ఇక ఇది మనుషుల పనే అనుకుంది గవరమ్మ. తాను కట్టెలకు వెళ్ళినప్పుడు అచ్చియ్యమ్మే వచ్చి ఈకలు పీకుతోందని తీర్మానించుకుంది. ఆమె పలకరిస్తే ముఖం తిప్పుకుంది. బురదలో ఆమె అడుగుల జాడ వెతికింది. జాడ దొరక్కపోయినా, చివరికి ముఖం మీదే అనేసింది.

అచ్చియ్యమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా తగువు పెట్టుకోలేదు.

"రేపు పొద్దున్నుంచీ ఇద్దరం ఇక్కడే కూర్చుందాం అక్కా. ఎవరు చేస్తున్నారో నీ కళ్ళతోనే చూద్దువుగాని" అంది.

మర్నాడు ఇద్దరూ తడిక పక్కన కూర్చున్నారు. గవరమ్మ ఒక కన్ను కోళ్ళ మీద, ఒక కన్ను తోడికోడలి చేతుల మీద. లోపల గింజల మూకుడు ఒక్కటే. దాని కోసం తోపులాట మొదలైంది. గవరమ్మ ముద్దుగా పెంచుకున్న తెల్లపెట్టే ముందుగా చిన్నపెట్టను పొడిచింది. ఎర్రగా నెత్తురు కనబడేసరికి మిగతావీ మీదపడ్డాయి. ఆ ఇరుకులో చిన్నపెట్టకు పారిపోయే దారే లేదు.

గవరమ్మ గబగబా లోపలికి వెళ్ళి చిన్నపెట్టను ఎత్తుకుంది.

"తప్పు ఏ పెట్టదీ కాదు, నీది అసలే కాదు. ఇంత ఇరుకులో వీటిని కుక్కింది నేనే" అంది, తల దించుకుని.

ఆ పూటే ఇద్దరూ కలిసి తడిక విప్పి, పెరడంతా కోళ్ళకు వదిలారు. మూడు చోట్ల మూకుళ్ళు పెట్టారు. పొడుచుకు తినడానికి తోటకూర కట్టలు వేలాడదీశారు. గాయపడ్డవాటికి పసుపు రాసి, మానేదాకా విడిగా ఉంచారు. నెల తిరిగేసరికి వాటికి కొత్త ఈకలు మొలిచాయి. అచ్చియ్యమ్మ మనసు మానడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ గవరమ్మే ముందుగా వెళ్ళి పలకరించేది.

కాబట్టి పిల్లలూ, ఒకరిని అనుమానించే ముందు మన చేతలను మనం చూసుకోవాలి.